డ్రైవాల్ ఎక్కకముందే పిలవండి

(డాలస్ శివార్లలో ఇల్లు కొనబోతున్న తెలుగు కుటుంబాల కోసం ఒక ఆదివారం పెట్టుకున్న సమావేశంలో ఇళ్లని తనిఖీ చేసే ఒక హోమ్ ఇన్‌స్పెక్టర్ చేసిన ప్రసంగం. మాటల్ని దాదాపు మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? సరే. నా తర్వాత లోన్ ఆయన మాట్లాడతారట. ఆయన చెప్పేది వింటే ఇల్లు కొనేయాలనిపిస్తుంది, నేను చెప్పేది వింటే అద్దె ఇంట్లోనే హాయిగా ఉందనిపిస్తుంది, అందుకే నన్ను ముందు పెట్టేసినట్టున్నారు. (నవ్వులు)

ఒకసారి చేతులెత్తండి. బిల్డర్ దగ్గర కొత్త ఇల్లు కొంటున్నవాళ్లు ఎంతమంది? చూశారా, ముప్పాతిక హాలు. ప్రాస్పర్, సెలైనా, ఆబ్రీ, మెకిన్నీ, అటే కదా అందరూ. సరే, మీలో సొంతంగా ఇన్‌స్పెక్టర్‌ని మాట్లాడుకున్నవాళ్లు? ఒకటి, రెండు... అంతేనా. అదీ సంగతి. "కొత్త ఇల్లే కదండీ, సిటీవాళ్లు చూస్తారు, బిల్డర్ వారంటీ ఇస్తున్నాడు, మధ్యలో మీకెందుకండీ డబ్బులు" అని నాకు ఫోన్ చేసి మరీ అడిగేవాళ్లున్నారు. అడగడంలో తప్పు లేదు, డబ్బులు ఊరికే రావు కదా.

ఒక్కసారి ఆలోచించండి, ఆ ఇంట్లోకి ఎవరెవరు వచ్చి చూస్తున్నారో. సిటీ ఇన్‌స్పెక్టర్ వస్తాడు. ఆయన పని కోడ్‌లో ఉన్న కనీస నిబంధనలు పాటించారా లేదా అని చూడటం. ఆ రోజు ఆయన లిస్టులో మీ వీధిలోనే బోలెడు ఇళ్లుంటాయి, ప్రతి రూఫూ ఎక్కి, దాని కింద సీలింగ్ పైన ఉండే ప్రతి అటిక్‌లోకీ దూరే తీరిక ఉండదు. అప్రైజర్ వస్తాడు, ఆయన బ్యాంకు మనిషి, ఇచ్చే అప్పుకి ఇల్లు సరితూగుతుందా అన్నదే ఆయనకి కావాలి. ఇల్లు కట్టే చోట పని చూసుకునే సూపరింటెండెంట్ చాలా మర్యాదస్తుడు కావచ్చు, కానీ జీతం ఇచ్చేది బిల్డరు. మీ ఏజెంటు మన ఊరివాడే కావచ్చు, మీ వదినగారికి దూరపు చుట్టం కూడా కావచ్చు, కానీ ఆయన చేతికి డబ్బు వచ్చేది మీరు క్లోజ్ చేశాకే, అంటే కొనడం పూర్తయి ఇల్లు మీ పేరు మీదికి వచ్చాకే. వీళ్లెవరూ చెడ్డవాళ్లని నేననడం లేదు. మీ తరఫున మాత్రమే చూడటానికి వచ్చేవాడు, మీరు డబ్బిచ్చి పిలుచుకున్నవాడు ఒక్కడే, అంతకంటే ఏం లేదు.

టెక్సస్‌లో ఈ పని చెయ్యాలంటే లైసెన్స్ ఉండాలి, అది ఇచ్చేది టెక్సస్ రియల్ ఎస్టేట్ కమిషన్. అందరం ట్రెక్ అంటాం. వాళ్ల వెబ్‌సైట్‌లో పేరు కొడితే లైసెన్స్ ఉందో లేదో వచ్చేస్తుంది, ఎవరినైనా పిలిచే ముందు ఆ ఒక్క నిమిషం ఖర్చుపెట్టండి. లైసెన్స్ ఉన్న ఇన్‌స్పెక్టర్‌కి తన తప్పుల మీద కనీసం లక్ష డాలర్ల ఇన్సూరెన్స్ ఉండాలి. ఇంకో ముఖ్యమైన రూలు: ఇన్‌స్పెక్షన్ చేసినవాడే ఆ రిపేర్లు చెయ్యకూడదు. ఎవరైనా ఇల్లు చూసి "ఏం పర్లేదండీ, ఇవన్నీ నేనే చేసి పెడతాను, ఇంత ఇవ్వండి" అన్నాడంటే నమస్కారం పెట్టి పంపించేయండి. చెదల సంగతి వేరే, దానికి వ్యవసాయ శాఖ ఇచ్చే వేరే లైసెన్స్ కావాలి. కొందరికి రెండూ ఉంటాయి, కొందరు చెదలవాణ్ణి విడిగా పిలుస్తారు, ముందే అడిగి తెలుసుకోండి.

ఇన్‌స్పెక్షన్ అంటే పాసా ఫెయిలా అన్న పరీక్ష కాదు. చాలామంది "మా ఇల్లు పాసయిందా అండీ?" అంటారు. ట్రెక్ ఫారంలో ప్రతి అంశం పక్కనా నాలుగు గడులుంటాయి: చూశాం, చూడలేదు, ఈ ఇంట్లో అది లేదు, లోపం ఉంది. అంతే, మార్కులుండవు. ఈ ఇల్లు కొనొచ్చా అని కూడా నేను చెప్పను, అది నా పని కాదు. కంటికి కనపడేది, నడిపి చూడగలిగింది చూస్తాను. గోడ పగలగొట్టను, మీరు అమ్మేవాళ్ల మంచం కిందకి దూరమన్నా దూరను. ఎండాకాలంలో హీటరు, గడ్డకట్టే చలిలో ఏసీ సరిగ్గా పరీక్షించలేను, ఆ సంగతి రిపోర్టులో రాసేస్తాను.

ఇప్పుడు అసలు విషయం. ఇన్‌స్పెక్టర్ ఎంత మంచివాడన్న దాని మీద మీరు చాలా ఆరా తీస్తారు, రివ్యూలు చదువుతారు, వాట్సాప్ గ్రూపులో అడుగుతారు. ఏ రోజు పిలవాలన్నది మాత్రం ఎవరూ అడగరు. నా అనుభవంలో డబ్బులు పోయేది అక్కడే.

పాత ఇల్లు, అంటే ఇంతకుముందు ఎవరో ఉన్న ఇల్లు కొంటున్నారనుకోండి. టెక్సస్ కాంట్రాక్టులో ఆప్షన్ పీరియడ్ అని ఒకటి ఉంటుంది. అమ్మేవాళ్లకి కొన్ని వందల డాలర్లు ఆప్షన్ ఫీజు కడతారు, దానికి బదులుగా మీకు కొన్ని రోజులు గడువు దొరుకుతుంది, వారమో పది రోజులో, ఎంతన్నది బేరం. ఆ గడువులో ఏ కారణమూ చెప్పకుండా మీరు బయటికి రావచ్చు, అర్నెస్ట్ మనీ, అంటే మీరు కట్టిన బయానా, వెనక్కి వస్తుంది, ఆప్షన్ ఫీజు మాత్రం పోతుంది. ఫీజు మూడు రోజుల్లోపు కట్టాలి, కట్టకపోతే ఆ హక్కే లేదు. చివరి రోజు సాయంత్రం 5 గంటలకి గడువు ముగుస్తుంది, 5 దాటి ఒక్క నిమిషమైనా దాటినట్టే. శని ఆదివారాలు కూడా లెక్కలోకి వస్తాయి. ఇది తెలియక మన వాళ్లు ఏం చేస్తారంటే, కాంట్రాక్టు గురువారం సంతకం పెట్టి, శని ఆదివారాలు సోఫాలు చూసుకుని, సోమవారం ఆఫీసులో రిలీజ్ ఉంది కాబట్టి మంగళవారం నాకు ఫోన్ చేస్తారు, "అన్నా, రేపు కుదురుతుందా, ఎల్లుండి ఆప్షన్ అయిపోతోంది" అని. నేను వెళ్లి చూసి, ఫౌండేషన్ దగ్గర అనుమానంగా ఉంది, స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలవండి అని రాశాననుకోండి, ఆ ఇంజనీర్ ఒక్కరోజులో దొరకడు. అప్పుడిక రెండే దారులు, సగం తెలిసిన విషయంతో ముందుకు పోవడం, లేకపోతే డబ్బిచ్చి గడువు పెంచమని బతిమాలడం. అందుకని ఆఫర్ వేసే రోజే ఇన్‌స్పెక్టర్‌తో మాట్లాడి పెట్టుకోండి, ఒప్పుకున్న మర్నాడో ఆ మర్నాడో ఇల్లు చూసేలా. మిగతా రోజులు ప్లంబరుకి, ఇంజనీర్‌కి, బేరానికి కావాలి.

2021, 22ల్లో అయితే ఈ ఆప్షనే వదులుకుని, ఇన్‌స్పెక్షనే లేకుండా కొన్నవాళ్లున్నారు. ఒక్కో ఇంటికి అన్నేసి ఆఫర్లు వచ్చేవి, ఏం చేస్తారు పాపం. ఇప్పుడు ఆ పరిస్థితి లేదు కదా, ఇప్పుడు కూడా అదే తొందరెందుకు?

కొత్త ఇంటి కథ వేరు. బిల్డర్ తన కాంట్రాక్టు తనే రాసుకుంటాడు, అందులో ఆప్షన్ పీరియడ్ సాధారణంగా ఉండదు. నచ్చలేదని బయటికొస్తే మీరు కట్టిన డబ్బు పోతుంది. గొడవ వస్తే కోర్టుకి కాదు, ఆర్బిట్రేషన్‌కి, అంటే మధ్యవర్తి తీర్పుకి, వెళ్లాలని కూడా చాలా కాంట్రాక్టుల్లో ఉంటుంది. పైగా పాత ఇల్లు అమ్మేవాళ్లు తెలిసిన లోపాలన్నీ రాసివ్వాలని టెక్సస్ చట్టం చెబుతుంది, ఎవరూ కాపురం చెయ్యని కొత్త ఇంటికి ఆ చట్టం వర్తించదు. అంటే కొత్త ఇంట్లో మీ బలమంతా క్లోజింగ్‌కి ముందే, ఇంకా చెప్పాలంటే గోడలు మూయకముందే. ఆ తర్వాత మీరు కస్టమర్ కేర్‌కి టికెట్ పెట్టుకునే మనిషి.

మూడు సందర్భాలుంటాయి. కాంక్రీటు పొయ్యకముందు ఒకటి, డ్రైవాల్, అంటే గోడల చెక్క చట్రాన్ని మూసేసే జిప్సం పలకలు, ఎక్కకముందు ఒకటి, చివరగా క్లోజింగ్‌కి ముందు ఒకటి. మూడూ చేయించుకుంటే మంచిది, రెండే అంటే చివరి రెండూ, ఒక్కటే అంటే... ఒక్కటే అనకండి.

కాంక్రీటు సంగతి ఎందుకంటే, మన కింద ఉన్న మట్టి అలాంటిది. డాలస్ చుట్టుపక్కల చాలా భాగం బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ, నల్లరేగడి. గుంటూరు, ప్రకాశం నుంచి వచ్చినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు, వానొస్తే ఉబ్బుతుంది, ఎండొస్తే చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. ఆ మట్టి మీద కూర్చోవాలి కాబట్టి ఇక్కడ ఎక్కువ ఇళ్లకి పోస్ట్ టెన్షన్ స్లాబ్ వేస్తారు. కాంక్రీటులో ఉక్కు కేబుళ్లు పరిచి, పోసిన వారం పది రోజులకి ఒక్కో కేబుల్‌నీ దాదాపు 33,000 పౌండ్ల బలంతో లాగి బిగిస్తారు. ఆ కేబుళ్లు స్లాబ్ మందంలో ఉండాల్సిన ఎత్తులో ఉండాలి, దానికోసం కింద చిన్న ప్లాస్టిక్ స్టాండ్లు పెడతారు. పనివాళ్లు వాటి మీద అటూ ఇటూ నడిచేసరికి కొన్ని విరుగుతాయి, కేబుల్ వెళ్లి కింద ప్లాస్టిక్ షీటుకి ఆనుకుంటుంది. బీముల కోసం తవ్విన గాళ్లలోకి రాత్రి వానకి మట్టి జారి ఉంటుంది. కాంక్రీటు పొయ్యకముందు చూస్తే అది ఇద్దరు మనుషులు పొద్దున్నే సరిచేసేసే పని. పోశాక అక్కడ ఏముందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. లారీలు తెల్లవారుజామునే వస్తాయి, తేదీ వానని బట్టి మారుతూ ఉంటుంది, కాబట్టి సూపరింటెండెంట్‌కి రోజూ మెసేజ్ పెట్టి విసిగించక తప్పదు.

ఇక డ్రైవాల్‌కి ముందు. ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన ఇన్‌స్పెక్షన్. ఇల్లు అస్థిపంజరంలా నిలబడి ఉంటుంది, అన్నీ బయటికే, దాచడానికి ఏమీ ఉండదు. ఫ్రేమింగ్ చేసినవాళ్లు తమ పని తాము బాగానే చేసి వెళ్తారు. తర్వాత ప్లంబరొస్తాడు, ఆయన పైపుకి ఒక స్టడ్, అంటే గోడలోని నిలువు చెక్క, అడ్డం, రంపం తీస్తాడు. ఆ తర్వాత ఏసీవాళ్లు వస్తారు, వాళ్ల డక్ట్‌కి, అంటే గాలి గొట్టానికి, ట్రస్ అడ్డం, అదే రూఫునీ పై అంతస్తునీ మోసే చెక్క చట్రం. బరువు మోసే స్టడ్‌ని పక్క నుంచి కోస్తే దాని వెడల్పులో పాతిక శాతం దాటకూడదు, రంధ్రమైతే 40 శాతం దాటకూడదు. ట్రస్‌నయితే ఇంజనీర్ కాగితం లేకుండా ముట్టుకోనేకూడదు. మొన్నామధ్య ఒక ఇంట్లో పై అంతస్తు బాత్రూం కింద నిలబడి టార్చి వేసి చూస్తే, కమోడ్ డ్రెయిన్ కోసం ఫ్లోర్ ట్రస్ అడుగు కర్రని పూర్తిగా కోసేసి, రెండు పక్కలా చిన్న చెక్క ముక్కలు పెట్టి మేకులు కొట్టారు, ఆ మేకులు కూడా వంకరగా. కింద డైనింగ్ రూమ్. డ్రైవాల్ ఇంకో రెండు రోజుల్లో ఎక్కుతుంది. నేను ఫొటో తీసి రిపోర్టులో పెట్టాను, ఆ దంపతులు ఇంజనీర్ సంతకంతో రిపేర్ డ్రాయింగ్ కావాలని ఈమెయిల్ పెట్టారు, బిల్డర్ కిక్కురుమనకుండా తెప్పించి రిపేర్ చేయించాడు. మూసేశాక అయితే అది ఎప్పటికి తెలిసేది? సీలింగ్‌లో బీట పడ్డాక, నేల ఊగుతున్నట్టు అనిపించాక. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

ఇంకా చాలా చిన్నవి ఉంటాయి, కరెంటు వైరు స్టడ్ అంచుకి దగ్గరగా పోతుంటే మేకు దిగకుండా స్టీలు ప్లేటు కొట్టాలి, అది మర్చిపోతారు. మీరు తర్వాత వెంకటేశ్వరస్వామి పటం తగిలించడానికి కొట్టే మేకు ఆ వైర్లోకే దిగుతుంది. కిటికీ చుట్టూ నీళ్లు లోపలికి రాకుండా అంటించే టేపు కింద నుంచి పైకి వరస తప్పకుండా వెయ్యాలి, తిరగేసి వేస్తే ప్రతి వానకీ నీళ్లని గోడలోకి పిలిచినట్టే. ఇవన్నీ చూడాలంటే ప్లంబింగు, వైరింగు, డక్టులు పూర్తయ్యాక, గోడల్లో వేడినీ చలినీ ఆపే ఇన్సులేషన్ పెట్టకముందు రావాలి. ఆ సందు రెండు మూడు రోజులే ఉంటుంది.

చివరి ఇన్‌స్పెక్షన్. మనవాళ్లు దీన్ని, బిల్డర్‌తో చేసే వాక్‌త్రూని కలిపేసుకుంటారు. వాక్‌త్రూ అంటే నీలం టేపు పండగ. భార్యాభర్తలిద్దరూ చెరో టేపు చుట్టా పట్టుకుని పెయింటు మీద ప్రతి చుక్కకీ ఒక ముక్క అంటిస్తారు, రెండు గంటలయ్యేసరికి ఇల్లంతా నీలం. అటిక్ తలుపు మాత్రం ఎవరూ తియ్యరు. పెయింటు ఎప్పుడైనా వేసుకోవచ్చండీ. అటిక్‌లో డక్ట్ ఊడిపోయి ఉంటే మీరు నెలనెలా అటిక్‌ని చల్లబరుస్తూ బిల్లు కడుతుంటారు. జులైలో ఆ అటిక్ 130 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది, అందుకే నేను పొద్దున ఏడింటికే వస్తానంటాను, మీ నిద్ర పాడుచెయ్యాలని కాదు.

లోపల నేను చేసే మొదటి పని పై అంతస్తు బాత్‌టబ్ నింపడం. పైన అదనపు నీళ్లు పోయే ఓవర్‌ఫ్లో రంధ్రం దాకా నింపి, అందులోంచి కాసేపు నీళ్లు పోనిచ్చి, కిందికి దిగి థర్మల్ కెమెరాతో సీలింగ్ చూస్తాను. అక్కడ నీళ్లు కారకుండా పెట్టే గాస్కెట్ బిగించకుండా వదిలేసిన ఇంట్లో, తెల్లగా మెరిసిపోతున్న సీలింగ్‌లో మామూలు కంటికి ఏమీ ఉండదు, కెమెరాలో మాత్రం నల్లటి మరక నెమ్మదిగా పెద్దదవుతూ కనపడుతుంది. ఇదే మీరు దిగాక, పిల్లలు టబ్‌లో ఆడుకున్న రోజు తెలిస్తే ఎలా ఉంటుంది?

వంటింటి గురించి ఒక్క మాట, ఇది ట్రెక్ ఫారం కంటే మనకి ఎక్కువ అవసరం. పొయ్యి మీద హుడ్ ఉంటుంది కదా, దాని గాలి బయటికి పోతుందా, లేక ఫిల్టర్‌లో తిరిగి మీ మొహం మీదికే వస్తుందా? చాలా బేస్ మోడల్స్‌లో బయటికి పోదు, అది లోపం కాదు, అలా అమ్ముతున్నారు. కానీ మన పోపులకి, చేపల వేపుళ్లకి అది చాలదు. డ్రైవాల్ ముందు అడిగితే డక్ట్ వెయ్యడం తేలిక, ఆ మాట ఇంట్లోకి కావలసినవి ఎంచుకోవడానికి బిల్డర్ డిజైన్ సెంటర్‌కి వెళ్లిన రోజే అడిగితే ఇంకా తేలిక. అన్నట్టు, స్మోక్ అలారంలకి పెయింటర్లు దుమ్ము పడకుండా ప్లాస్టిక్ మూతలు పెట్టి తియ్యడం మర్చిపోతారు, గృహప్రవేశం హోమానికి మనవాళ్లు పెట్టి తియ్యడం మర్చిపోతారు. (నవ్వులు) నవ్వకండి, మొదటి ఏడాది వారంటీ ముగిసే ముందు పదకొండో నెల ఇన్‌స్పెక్షన్‌కి వెళ్తే ఇంకా అలాగే ఉంటాయి.

ఇంటి బయటికొస్తే మట్టి వాలు. ఇంటి చుట్టూ పది అడుగుల్లో ఆరంగుళాలు పల్లానికి దిగాలి, ఇటుక గోడ కింద నాలుగంగుళాలైనా స్లాబ్ అంచు కనపడాలి. ఇటుకల అడుగు వరసలో అక్కడక్కడా సన్నటి సందులు వదులుతారు, గోడలోకి చేరిన తేమ అందులోంచి బయటికి పోవాలి. అది ఏదో మర్చిపోయిన సిమెంటు అనుకుని పూడ్చేసినవాళ్లని చూశాను. నైరుతి ఎత్తుగా ఉండాలని ఆ మూల ఇటుకల మీదికి లారీడు మట్టి పోయించుకున్నవాళ్లనీ చూశాను. నాకూ వాస్తు మీద నమ్మకముంది, మా ఇల్లూ తూర్పు ముఖమే. నైరుతి ఎత్తు కావాలంటే గోడకి దూరంగా, నీళ్లు ఇంటివైపు రాకుండా పోసుకోండి, గోడకి ఆనించి కాదు. ఎండాకాలంలో ఫౌండేషన్ చుట్టూ నీళ్లు కొద్దికొద్దిగా ఊరే సోకర్ హోస్ పెట్టి మట్టిని ఒకేలా తడిగా ఉంచడం కూడా ఇక్కడ ఇంటి పనుల్లో ఒకటి.

వారంటీ గురించి. ఇన్నాళ్లూ అందరూ ఒకటి, రెండు, పది అనేవాళ్లు. పనితనానికి ఏడాది, ప్లంబింగ్, కరెంటు, ఏసీలకి రెండేళ్లు, నిర్మాణానికి పదేళ్లు. 2023లో టెక్సస్ చట్టం మార్చింది. బిల్డర్ ఒకటి, రెండు, ఆరేళ్ల లెక్కన రాతపూర్వకంగా వారంటీ ఇస్తే, నిర్మాణ లోపాల మీద దావా వెయ్యడానికి పదేళ్లుండే గడువు ఆరేళ్లకి తగ్గుతుంది. కాబట్టి పక్కింటాయన 2019లో కొన్న కాగితం చూసి మీది కూడా అంతే అనుకోకండి, మీది మీరు చదవండి. మొదటి ఏడాది పూర్తయ్యేలోపు పదకొండో నెలలో ఒకసారి చూపించుకుంటే, ఒక ఎండాకాలం, ఒక చలికాలం చూసిన ఇల్లు కాబట్టి అసలు రంగు బయటపడుతుంది, దాన్ని బిల్డర్ ఖర్చుతో చేయించుకోవచ్చు.

పాత ప్లేనో, రిచర్డ్‌సన్, ఇర్వింగ్ వైపు చూస్తున్నవాళ్లకి. స్కూళ్లు బాగుంటాయి, చెట్లుంటాయి, లాట్లు పెద్దవి, నాకు నిజానికి ఆ ఇళ్లే ఇష్టం. కానీ 60ల చివర, 70ల మొదట్లో కట్టినవాటిలో అల్యూమినియం వైరింగ్ ఉండొచ్చు, ఫెడరల్ పసిఫిక్ వాళ్ల స్టాబ్-లాక్ బ్రేకర్ ప్యానెల్ ఉండొచ్చు. ఆ బ్రేకర్లు పడి కరెంటు ఆపాల్సినప్పుడు పడవన్న చెడ్డపేరుంది, కొన్ని ఇన్సూరెన్స్ కంపెనీలు పేరు వింటేనే వద్దంటాయి. స్లాబ్ కింద డ్రెయిన్ పైపులు పోత ఇనుముతో చేసినవి, తుప్పు పట్టి అడుగు ఊడిపోతాయి. అందులోకి కెమెరా పంపించి చూడాలి. లీకు ఉందో లేదో తేల్చే హైడ్రోస్టాటిక్ పరీక్షకి అమ్మేవాళ్ల రాతపూర్వక అనుమతి కావాలి, కాబట్టి మళ్లీ అదే మాట, ఆప్షన్ మొదటి రోజే అడగండి. ఫౌండేషన్ ఇంతకుముందు రిపేరయిందంటే భయపడి పారిపోనక్కర్లేదు, ఇంజనీర్ రిపోర్టు, మీ పేరుకి మారే వారంటీ కాగితం ఉన్నాయా అని అడగండి. రూఫ్ ఎప్పుడు వేశారో అడగండి, ఇక్కడి వడగళ్లు మామిడికాయలంత పడతాయి, ఇన్సూరెన్స్ వాడు మీ ఇంటి కంటే మీ రూఫ్ వయసే ఎక్కువ చూస్తాడు. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో పైపులు పగిలాయా, పగిలితే ఎవరు బాగుచేశారు, అది కూడా.

రిపోర్టు వచ్చాక ఏం చేస్తారు? గ్రూపులో పెడతారు. "మాకు 42 లోపాలొచ్చాయి, మీకెన్ని?" "మాకు 61." ఆ లెక్కకి అర్థం లేదండీ. అందులో తలుపు గొళ్లెం వదులుగా ఉందన్నదీ ఒకటే, ట్రస్ కోసేశారన్నదీ ఒకటే. నీళ్లు ఎక్కడెక్కడ చేరుతున్నాయి, బరువు మోసేది ఏదైనా దెబ్బతిందా, కరెంటు వల్ల ప్రమాదముందా, రూఫు, ఏసీ ఎన్నాళ్లు నిలుస్తాయి, ముందు వీటిని వెతకండి. అర్థం కాకపోతే ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చెయ్యండి. అసలు ఇన్‌స్పెక్షన్ చివరి గంటలో మీరే అక్కడ ఉండండి, వేలు పెట్టి చూపిస్తాను, మెయిన్ వాటర్ వాల్వ్ ఎక్కడుందో కూడా అప్పుడే తెలుస్తుంది.

అమ్మేవాళ్లు కూడా కొందరు వచ్చారన్నారు. ఇల్లు అమ్మకానికి లిస్ట్ చేసే ముందు మీరే ఒక ఇన్‌స్పెక్షన్ చేయించుకుంటే తీరిగ్గా, మీకు నచ్చినవాడితో, మీ రేటుకి రిపేర్లు చేయించుకోవచ్చు. కొనేవాళ్ల రిపోర్టు వచ్చాక చేస్తే వాళ్లు చెప్పిన అంకెకి తల ఊపాలి. ఒక చిక్కు ఉంది, తెలిసిన లోపాన్ని దాచకూడదు, అందుకని "నాకు తెలియకపోతేనే మంచిది కదా" అనే తెలివైనవాళ్లుంటారు. మొదటి కొనుగోలుదారు వెళ్లిపోతూ తన రిపోర్టు మీ చేతిలో పెట్టాడంటే అప్పుడు మీకు తెలిసినట్టే కదా, రెండోవాడికి చెప్పి తీరాలి. ఇంటి లోపలా బయటా కొన్ని చవకైనవి మీరే చేసుకోండి, గట్టర్లు కడగండి, ఏసీ ఫిల్టర్ మార్చండి, గరాజ్‌లో సామాను ప్యానెల్ ముందు నుంచి తియ్యండి. నేను ప్యానెల్ తెరవలేకపోతే చూడలేదని రాస్తాను, కొనేవాళ్లకి అది లోపం కంటే ఎక్కువ భయం.

సరే, ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: బిల్డర్ బయటి ఇన్‌స్పెక్టర్‌ని రానివ్వనంటే?

ఎక్కువమంది రానిస్తారు, షరతులు పెడతారు, లైసెన్స్ కాపీ, ఇన్సూరెన్స్ సర్టిఫికెట్, ముందు రోజు చెప్పాలి, రూఫ్ ఎక్కకూడదు, ఇలాంటివి. కాంట్రాక్టు మీద సంతకం పెట్టకముందే ఏయే దశల్లో రానిస్తారో కాగితం మీద రాయించుకోండి. సేల్స్ ఆఫీసులో నవ్వుతూ "ఓ, తప్పకుండా" అన్నది లెక్కలోకి రాదు. అసలే రానివ్వమంటే వేరే కమ్యూనిటీ చూసుకోండి, ఇక్కడ ఇళ్లకి కరువు లేదు.

ప్రశ్న: మా బావమరిది సివిల్ ఇంజనీర్ అండీ, ఇండియాలో పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లు కట్టాడు. ఆయన చూస్తే సరిపోదా?

తప్పకుండా తీసుకెళ్లండి, ఎన్ని కళ్లు చూస్తే అంత మంచిది. కాకపోతే అక్కడ ఇటుక, కాంక్రీటు, ఇక్కడ చెక్క, ప్లాస్టిక్ పైపు, ఆయనకి ఇది కొత్త. ఇంకోటి, ఆయన చెప్పినదాన్ని బిల్డర్ పట్టించుకోడు. లైసెన్స్ నంబరుతో, ఫొటోలతో రిపోర్టు పంపిస్తే కనీసం జవాబివ్వక తప్పదు. "మా స్టాండర్డ్ ప్రకారమే ఉంది" అని నోటితో అంటే, అదే మాట ఈమెయిల్‌లో రాయమని అడగండి. చాలాసార్లు రాయరు, వచ్చి బాగుచేసి వెళ్తారు.

ప్రశ్న: ఖర్చెంతవుతుంది?

ఇంటి సైజుని బట్టి. చివరి ఇన్‌స్పెక్షన్ ఒక్కటే అయితే మామూలు ఇంటికి కొన్ని వందల డాలర్లు, మూడు దశలూ కలిపి మాట్లాడుకుంటే తగ్గిస్తారు. మీరు డిజైన్ సెంటర్‌లో కిచెన్ లైట్లకి పెట్టినంత కూడా కాదు.

ప్రశ్న: క్లోజింగ్ రోజుకి రిపేర్లు పూర్తి కాకపోతే? లోన్ వడ్డీ మారకుండా చేసుకున్న మా రేట్ లాక్ గడువు అయిపోతోంది, ముహూర్తం కూడా పెట్టేసుకున్నాం.

ఆ టెన్షన్ బిల్డర్‌కి తెలుసు, అందుకే ఆఖరి వారం దాకా లాగుతారు. పెయింటు, గీతలు లాంటివైతే తేదీతో సహా లిస్టు రాయించి సంతకం తీసుకుని క్లోజ్ చెయ్యండి. నీళ్లు లీకవుతున్నా, గ్యాస్ వాసన వస్తున్నా, ఏసీ నడవకపోయినా ఆగండి. ముహూర్తం ఇంకోటి ఉంటుంది, పంతులుగారిని నేను కూడా అడుగుతాను కావాలంటే.

ప్రశ్న: సార్, మాది సెలైనాలో. నిన్న వెళ్లి చూస్తే వైర్లన్నీ లాగేశారు, ఏసీ డక్టులు కూడా అయిపోయాయి.

ఇన్సులేషన్ వచ్చిందా? గోడల్లో పింక్ కలర్ దూది లాంటిది... రాలేదా. గరాజ్‌లో కట్టలు దించి ఉన్నాయా? అయితే రేపో ఎల్లుండో పెట్టేస్తారు. ఇంటికెళ్లాక కాదు, ఇప్పుడే ఫోన్ తీసి మీ సూపరింటెండెంట్‌కి మెసేజ్ పెట్టండి, నా ఇన్‌స్పెక్టర్ చూసేదాకా ఇన్సులేషన్ ఆపమని. ఆదివారమైనా చూస్తాడు. నేనే రావాలని లేదు, ఎవరు దొరికితే వాళ్లని పిలవండి. నాకైతే రేపు పొద్దున ఏడింటికి ఖాళీ ఉంది, ఇటొచ్చి అడ్రస్ రాసివ్వండి.